పొటాషు బస్తా పలికిన రోజు

అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసి రిటైరయ్యానని చెప్పగానే ఈ కాలం పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "మీకేం కాలేదా ఆంటీ?" అని. మోకాళ్ళు తప్ప అన్నీ బాగానే ఉన్నాయని చెబుతాను. ఆ వెంటనే రెండోది వస్తుంది: "అసలది మంచిదా, చెడ్డదా? ఒక్క ముక్కలో చెప్పండి." ఆ ఒక్క ముక్క నా దగ్గర లేదు. ఉన్నదల్లా రాజోలు దగ్గర ఒక ఊళ్ళో జరిగిన సంగతి. ఈ ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న వాళ్ళకు అదైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను. ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

నా పని రేడియేషన్ కొలవడం. కేంద్రం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పాలు, చేపలు, తోటకూర, బావి నీళ్ళు తెచ్చి పరీక్షించేవాళ్ళం. రేడియేషన్ కంటికి కనపడదు, వాసన రాదు, రుచి ఉండదు. కొలిచే మీటరు లేకపోతే ఉన్నా తెలియదు, లేకపోయినా తెలియదు. మాకు పాలు పోసే ఆయన ఊరందరికీ నీళ్ళు కలిపిన పాలు పోసి, నాకు మాత్రం చిక్కటివి పోసేవాడు. నా మిషను నీళ్ళను కూడా పట్టేస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ చెడగొట్టలేదు.

రిటైర్మెంటు దగ్గర పడుతుండగా నన్ను అవగాహన కార్యక్రమాలకు వేశారు. కోస్తాలో ఎక్కడో కొత్త అణు కేంద్రం వస్తుందని అప్పట్లో ఒకటే చర్చ. ఎక్కడ వస్తుందో సరిగ్గా తెలియకపోయినా ప్రతి ఊరివాళ్ళూ తమ ఊరికే వస్తుందని భయపడేవాళ్ళు. వాళ్ళకు విషయం వివరించడానికి ఒక జీపు, రెండు మీటర్లు, కొన్ని బొమ్మల బోర్డులు, ఒక ఆఫీసరు గారు, నేను. ఆఫీసరు గారిది ఉత్తరాది. తెలివైన మనిషి, పిల్లవాడి మనసు. తెలుగులో ఆయనకు వచ్చినవి రెండే మాటలు, "నమస్కారం", "భయం లేదు". మిగతాదంతా నేను తెలుగు చేయాలి. నాది మండపేట కాబట్టి గోదావరి జిల్లాలైతే నాకు నీళ్ళు తాగినంత తేలికని నన్ను ఎంపిక చేశారు.

రాజోలు దగ్గర ఆ ఊళ్ళో హైస్కూలు హాలు నిండిపోయింది. ఆఫీసరు గారికి ఒక సరదా ప్రదర్శన ఉండేది. రేడియేషన్ అనగానే జనం బాంబును తలుచుకుంటారని ఆయన బాధ. అది ప్రకృతిలో అంతటా ఉంటుందని, మట్టిలో, రాతిలో, మనం తినే అరటిపండులో కూడా రవ్వంత ఉంటుందని చూపించాలని ఆయన తాపత్రయం. అందుకని వచ్చినవాళ్ళను ఇంటి నుంచి ఏదో ఒక వస్తువు తెమ్మనేవారు. ఒకావిడ కందిపప్పు తెచ్చింది. ఇంకొకాయన చేతి గడియారం ఇచ్చాడు. మీటరు ఎప్పటిలాగే తీరిగ్గా టిక్కు టిక్కుమంది.

అప్పుడు లేచాడు ఒక కొబ్బరి రైతు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, మోచేతి దాకా మడిచిన చేతులు. ఒక చేత్తో కొబ్బరికాయ, ఇంకో చేత్తో తోటకు వేయగా మిగిలిన పొటాషు ఎరువు బస్తా పట్టుకొచ్చాడు. ఏ పనైనా మొదట తానే చేయాలనే ఉత్సాహం ఉన్న మనిషని చూడగానే తెలిసిపోయింది. కొబ్బరికాయ దగ్గర మీటరు మామూలుగానే ఉంది. బస్తా దగ్గర పెట్టగానే వేడి మూకుడులో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది.

అది అంతే. పొటాషులో సహజంగా కాస్త రేడియేషన్ ఉంటుంది, ప్రపంచంలో ఏ బస్తా తెచ్చినా అంతే. దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. కానీ ఆఫీసరు గారు సంబరంగా ఒక వాక్యం చెప్పారు. నేను దాన్ని మైకులో తెలుగు చేశాను: "చూశారా, మీ తోటల్లోనే ఉంది రేడియేషన్!" ఆ తర్వాత, "అయినా మీరందరూ ఎంత ఆరోగ్యంగా ఉన్నారో చూడండి, కాబట్టి కొంచెం రేడియేషన్‌కు భయపడక్కర్లేదు" అని కూడా చెప్పాం. ఆ రెండో వాక్యం హాలు గోడలు దాటలేదు. మొదటి వాక్యం మాత్రం, చిటపటలతో సహా, ఎవరి ఫోనులోంచో బయలుదేరి చీకటి పడేలోగా వాట్సాప్‌లో జిల్లా అంతా తిరిగొచ్చింది. అందులో కనిపించేది ఆ రైతు, ఆయన బస్తా. వినిపించేది నా గొంతు.

మర్నాడు పొద్దున్నే అమలాపురంలో మేం దిగిన లాడ్జి ముందు మోటారు సైకిలు ఆగింది. ఆయనే. చొక్కా అదే, ఉత్సాహం మాత్రం లేదు.

"ఏంటమ్మా ఇది? ఏదో సరదాగా పట్టుకొచ్చేను గదా అని ఇంత పని చేస్తారా?"

"కూర్చోండి బాబాయిగారూ. ఏం జరిగింది?"

"ఏం జరగాలండి ఇంకా? మొన్ననే దింపు తీయించేను. కాయంతా కళ్ళంలో రాశి పోసుంది. దసరా ముందు ఉత్తరాదికి లారీ వెళ్తది, దాంట్లో ఎక్కాలది. రాత్రి అంబాజీపేట నుంచి మా వర్తకుడు ఫోన్ చేసి 'బావగారూ, ఈసారికి మీ కాయ వద్దులెండి' అన్నాడు. ఎందుకండీ అంటే చెప్పడు. ఎన్నేళ్ళ నుంచి ఆయనకే వేస్తన్నాను! మా ఊళ్ళో కుర్రోళ్ళైతే ఆటంబాంబు తాతగారని పేరెట్టేరు."

"పొటాషు మీరొక్కరే వేస్తారా? ఊరంతా వేస్తుంది కదా?"

"ఆయ్, నిన్నటిదాకా ఏసేరండి. ఇవాళ పొద్దున్న అడిగితే ఒక్కడూ ఎయ్యలేదంట. అంతా పశువుల ఎరువేనంట. బస్తాలన్నీ గడ్డివాముల్లోకి పోయేయి."

నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను. ఆ లారీ తప్పితే కాయ ధర పడిపోతుంది, అదొక బాధ. అంతకంటే పెద్దది ఇంకోటుంది. ఆయన భార్య ఆ పొద్దున పచ్చడికి పక్కింటి నుంచి కొబ్బరికాయ అడిగి తెచ్చుకుందట, కళ్ళంలో అంత రాశి పెట్టుకుని. నాకు మనసు మనసులో లేదు. సొంత కాయ మీద సొంత ఇంట్లోనే నమ్మకం పోవడం ఏమిటో కోనసీమవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆఫీసరు గారికి చెప్పాను. ఆయన నిజంగా నొచ్చుకున్నారు. కాసేపు ఆలోచించి చిటికె వేసి, "చాలా తేలిక. పెద్ద మీటరు తీసుకెళ్దాం" అన్నారు.

మా రెండు మీటర్ల సంగతి ఇక్కడ చెప్పాలి. చిన్నది రవ్వంత రేడియేషన్‌ను కూడా పట్టి టిక్కుమంటుంది. పెద్దది ప్రమాదాలప్పుడు వాడేది, భారీ మోతాదులు కొలవడానికి. దాన్ని కాయ మీద పెట్టినా, పొటాషు మీద పెట్టినా, ఎక్కడ పెట్టినా సున్నాయే. ముల్లు కదలదు, చప్పుడు రాదు. వర్తకుడి ముందు సున్నా చూపిస్తే రెండు నిమిషాల్లో గొడవ తీరిపోతుందని ఆఫీసరు గారి లెక్క. "అందులో అబద్ధం ఏముంది? ఆ మీటరు లెక్కలో అది సున్నాయే కదా" అన్నారు.

మా నాన్న మండపేటలో రైసుమిల్లులో పనిచేసేవారు. లారీలు తూచే వేబ్రిడ్జి మీద నిమ్మకాయ పెడితే సున్నాయే చూపిస్తుంది. అంతమాత్రాన నిమ్మకాయకు బరువు లేదని చెబితే మిల్లులో ఎవరూ ఊరుకోరు. ఆ మాటే ఆఫీసరు గారితో అన్నాను, కాస్త గట్టిగానే అన్నాను. నాకు కోపం తొందరగా వస్తుందని సెక్షన్లో అందరికీ తెలుసు.

తమాషా ఏమిటంటే, నన్ను ఎదిరించింది ఆఫీసరు గారు కాదు, రైతే. మా హిందీ మాటలు అర్థం చేసుకున్న జీపు డ్రైవరు కిందికి వెళ్ళి ఆయన చెవిన వేసేశాడు.

"సున్నా చూపించే డబ్బా ఉందంట గదమ్మా. దాన్ని పట్రాకుండా ఈ బేరమేంటి?"

"అది మోసం బాబాయిగారూ."

"నిన్న నిజం చెప్పేరు కదండీ. నిజం చెప్తే ఏమైందో చూసేరుగా. నాకు నిజం ఎందుకమ్మా, నా కాయ వెళ్ళాలి గానీ!"

ఆయన పక్షాన చూస్తే న్యాయమే. అయినా ఒక మాట చెప్పాను. "తాటిపాక గ్యాసు పనిలో మీవాళ్ళు ఎంతమంది లేరు? గ్యాసు బావుల్లోకి దింపే రేడియేషన్ పరికరాల కోసం వాళ్ళ దగ్గర కూడా ఇలాంటి చిన్న మీటర్లు ఉంటాయి. రేపెవరో ఒకటి తెచ్చి మీ రాశి మీద పెడితే టిక్కుమంటుంది. ఎక్కడ పెట్టినా టిక్కుమంటుంది. అప్పుడు మీ కాయే కాదు, మీ మాట కూడా ఎవరూ కొనరు."

ఆయన లేచి మోటారు సైకిలు తాళం తీశాడు. "సరే పదండి. మునిగితే ఇద్దరం కలిసే మునుగుదాం" అన్నాడు. అది ఒప్పుకోలో, బెదిరింపో నాకు తెలియలేదు. ఆఫీసరు గారు మాత్రం ఎందుకైనా మంచిదని రెండు మీటర్లూ జీపులో పెట్టించారు.

అంబాజీపేటలో వర్తకుడి షెడ్డు ముందు లారీకి కాయ ఎత్తుతున్నారు. వర్తకుడు మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, బొండాలు కొట్టించాడు.

"మీరే గదండీ వీడియోలో మాట్లాడింది? ఆయ్, గొంతు గుర్తుపట్టేనండి" అన్నాడు నాతో. రైతు వైపు మాత్రం చూడలేదు. రైతు కూడా ఒక గోనెలో తన కాయలు తెచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. మీటరు ఆన్ చేసి బల్ల మీద పెట్టాను. టిక్... టిక్ టిక్... టిక్.

వర్తకుడు ఉలిక్కిపడ్డాడు. "ఇంకా కాయ దగ్గర పెట్టలేదు కదండీ. ఎందుకలా కొట్టుకుంటంది?"

"ఎక్కడైనా అంతేనండి. గాలిలో, మట్టిలో, ఆకాశంలోంచి వచ్చేదాంట్లో ఎప్పుడూ కొంచెం ఉంటుంది. మీ తాతగారి కాలంలోనూ ఉంది. కొలిచేవాళ్ళు లేరంతే." ఆ మాటంటూ మీటరు ఆయన చేతిలో పెట్టేశాను. "నేను పెడితే ఏదో కిటుకు చేశాననుకుంటారు. మీరే చూసుకోండి."

ఆఫీసరు గారి మొహం పాలిపోయింది. ఖరీదైన మీటరు కొబ్బరి వర్తకుడి చేతిలో పెట్టడం మా రూల్సులో ఎక్కడా లేదు. నాకూ లోలోపల భయమే. ఏ మూల ఏ రాయి ఎంత చప్పుడు చేస్తుందో నాకు మాత్రం ఏం తెలుసు?

ఆయన మొదట రైతు గోనె దగ్గరకు వెళ్ళాడు. టిక్... టిక్. తర్వాత వేరేవాళ్ళ రాశి. అంతే. నమ్మకం కలగలేదు, మళ్ళీ గోనె దగ్గరకొచ్చాడు. మళ్ళీ అంతే. తర్వాత మనిషికి సరదా పుట్టింది. ప్లాస్టిక్ కుర్చీ మీద, కాటా మీద, గుమస్తా టిఫిను డబ్బా మీద, లారీ టైరు మీద పెట్టి చూశాడు. కాయ ఎత్తేవాళ్ళు పని ఆపి వెనకాలే తిరుగుతున్నారు. "దీని మీదెట్టండి", "నా బుర్ర మీదెట్టండి" అని ఒకటే గోల. ఇన్నేళ్ళ సర్వీసులో మా మీటరును అంత ప్రేమగా చూసినవాళ్ళను నేను చూడలేదు.

అలా తిరిగి తిరిగి ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. అక్కడ కొత్తగా వేయించిన బల్ల, మీద ఎర్ర గ్రానైటు పలక. మీటరు పెట్టగానే టిక్కులు జోరందుకున్నాయి. కాయల దగ్గరకంటే ఎక్కువని చెవిటివాడికి కూడా తెలిసేంత. వర్తకుడు చేయి వెనక్కి లాక్కున్నాడు. 

గుమ్మం దగ్గర నుంచి రైతు గొంతు వినిపించింది. "మరి మీ బల్లెవరు కొంటారండీ బావగారూ?"

ముందు నవ్వింది వర్తకుడే. ఆ తర్వాత షెడ్డు షెడ్డంతా నవ్వింది. నవ్వులు సద్దుమణిగాక ఆయన అసలు ప్రశ్న అడిగాడు. "నవ్వులకేంగానండి, ఈ బల్ల ఉంచుకోనా, తీయించేయనా?"

"నిశ్చింతగా ఉంచుకోండి. కూరలో ఉప్పు వెయ్యడం వేరు, ఉప్పు బస్తా మన మీద పడ్డం వేరు. ఇది కూరలో ఉప్పు కూడా కాదు."

"అయితే మీ ప్లాంటులో ఉండేదో?"

"అది బస్తానండి. మీద పడకుండా గోడల మీద గోడలు కట్టి కాపలా కాస్తాం. నా ఉద్యోగం ఆ కాపలాయే."

ఆఫీసరు గారికి సంభాషణ ఎటు పోతోందో అర్థమైంది. ముందుకొచ్చి చేతులు జోడించి, "భయం లేదు" అన్నారు.

వర్తకుడు మర్యాదగానే జవాబిచ్చాడు. "ఆయ్. గ్యాసు పైపులేసినప్పుడూ ఈ మాటే చెప్పేరండి. తర్వాత పైపు పేలి మనుషులు పోయేరు. ఇప్పటికీ ఏదన్నా వాసనొస్తే పొయ్యార్పేసి రోడ్డు మీదికొస్తాం. గ్యాసు మా కిందనుంచే వెళ్తది, వెలుగు ఎవరింట్లోనో."

నేను దాన్ని ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. ఆఫీసరు గారు కుర్చీలో కూర్చుండిపోయారు. "నీకు తెలిసింది నువ్వే చెప్పు" అన్నారు నాతో. ఆ మాటకు నేనాయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

చెప్పాను. బొగ్గు అయితే రైళ్ళ కొద్దీ తగలెయ్యాలి, ఇదైతే పిడికెడంత ఇంధనం చాలాకాలం వస్తుంది. ఎండ లేకపోయినా గాలి లేకపోయినా రాత్రీ పగలూ కరెంటు వస్తుంది, పొగ రాదు. పొగ సంగతి ఎత్తగానే కాయలెత్తే వాళ్ళలో సముద్రపు ఒడ్డు ఊరి మనిషి ఒకడు, తమ తోటల్లో చెట్లు వరసలు వరసలుగా సముద్రంలో పడిపోతున్నాయని, దానికీ దీనికీ సంబంధం ఉందా అని అడిగాడు. కొంత ఉందన్నాను. పొగ వల్ల భూమి వేడెక్కుతోంది, సముద్రం పెరుగుతోంది, మీది పల్లపు సీమ. అతను తల ఊపాడు. తర్వాత రెండో వైపు కూడా చెప్పాను. ప్రమాదం అరుదు, కానీ జరిగితే ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చెయ్యాల్సి రావచ్చు. వాడేసిన ఇంధనాన్ని మనవల మనవల కాలం దాకా కాపలా కాయాలి. అన్నిటికంటే ముఖ్యం, స్విచ్చి ఆపేసినా లోపలి వేడి వెంటనే తగ్గదు. చల్లార్చడానికి రోజుల తరబడి నీళ్ళు తోడుతూనే ఉండాలి.

రైతు అప్పటికి గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు. "అంటే పొయ్యార్పినా అన్నం మాడుద్దన్నమాట."

"అంతేనండి."

"మరి గోదారొస్తే మేం గొడ్లని తోలుకెళ్ళి ఏటిగట్టెక్కిస్తాం. దాన్ని మీరు ఏ గట్టెక్కిస్తారు?"

అది కదలదండి, దాని దగ్గరే ఎత్తైన చోట డీజిలు పంపులు పెడతారు, కరెంటు పోయినా నీళ్ళు తోడటానికి, అన్నాను.

"ఎంతెత్తున?"

"ఇప్పటిదాకా వచ్చిన పెద్ద వరద లెక్క చూసి, దానికి ఇంకా పైన."

"ఇప్పటిదాకా వచ్చినదానికి పైన" అని ఆయన నెమ్మదిగా తిరిగి అన్నాడు. ఎగతాళి చేయలేదు. గోదావరి గట్టు కింద పుట్టి పెరిగిన మనిషి, ఆ మాట బరువు ఆయనకు తెలుసు.  

వర్తకుడు లేచి బయటికెళ్ళి లారీ డ్రైవరును కేకేశాడు. "అటు తిప్పు. బావగారి కళ్ళంలో కాయుంది, ఎత్తుకొచ్చెయ్." తర్వాత ఫోను తీసి, గ్రానైటు బల్ల మీద మీటరు పెట్టి తానే ఒక వీడియో తీయించుకున్నాడు. ఈసారి రెండో వాక్యం కూడా ఉండేలా నేను పక్కనే నిలబడ్డాను.

మధ్యాహ్నం రైతు కళ్ళంలో కాయ ఎత్తుతుండగా ఆయన భార్య మా అందరికీ ఆ రాశిలోంచే కాయలు కొట్టి ముక్కలు పెట్టింది. తానూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఆవిడ ఆ ముక్క నమలడం పూర్తయ్యేదాకా ఆయన ఆవిడనే చూశాడు. ఆఫీసరు గారు మాత్రం ఉత్సాహం పట్టలేక, తర్వాతి ఊరి సభలో ఈయన మన తరఫున రెండు మాటలు చెబుతాడేమో అడుగు అన్నారు. అడిగాను.

"నా కాయ మీద మచ్చ పోయిందమ్మా, దండం పెడతాను. అది వేరు. మీ ప్లాంటుకి నా చేత సాక్ష్యం చెప్పించడం వేరు" అన్నాడు రైతు. తర్వాత నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పండమ్మా. అంతకాలం దాని పక్కనే ఉన్నారు. మీకు భయమెయ్యదా?"

"వేస్తుంది బాబాయిగారూ. ఇప్పటికీ వేస్తుంది. అందుకే ఏ రోజూ కొలవడం మానలేదు."

ఆయన తల పంకించాడు. "ఆయ్. అయితే నడుపుకోండి. మీకు భయం పోయిన రోజున మాత్రం మాకో కబురెట్టండి."